బొగ్గునుసియు ఉక్కుకొలిమియు

తవుడు పశువుల కుడితికే తప్ప మఱి దేనికిని పనికిరాదని మన పెద్దలు తలచిన కాల మొకటి యుండెను. నేడు దానినుండి నూనె తీయుచున్నాము. చెఱకు గానుగయొద్ద మిగులు పిప్పి యింధనమైనది, కాగితమైనది. తెలియనివానికి చెత్తగా గనబడునది తెలిసినవాని చేతిలో ధనమగుట లోకమున క్రొత్త గాదు. కాని బొగ్గుగనులయొద్దను, బొగ్గు కడుగు కర్మాగారములయొద్దను గుట్టలుగాను మడుగులుగాను పేరుకొనియుండు నల్లని నుసికి మాత్రము మన దేశమున నింకను ఆ భాగ్యము పూర్తిగా పట్టలేదు.

ఇది అల్పవిషయము కాదు. ఉక్కుపరిశ్రమకు వలయు కోకింగుబొగ్గును భారతదేశము ఏటా ఐదుకోట్ల టన్నులకు మించి విదేశములనుండి కొనుచున్నది. అందు పెద్దభాగము ఆస్ట్రేలియానుండి వచ్చును. మన యవసరములో పదింట ఎనిమిదిపాళ్ళకు పైగా ఇట్లు ఓడలమీద రావలసియున్నది. 2011లో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు రాష్ట్రమును వఱదలు ముంచి గనులు నీటిపాలైనపుడును, 2022లో ఉక్రెయినునందు యుద్ధము మొదలైనపుడును ఈ బొగ్గుధర మిన్నంటెను. వఱద వారిది, యుద్ధము వేఱొకరిది, నష్టము మనది. ఇట్టి స్థితిలో మన భూమినుండి మన కూలీలు త్రవ్వితీసిన బొగ్గులో కొంత నుసియై నీటిపాలగుచుండగా మనము చూచుచు నూరకుండుట తగునా యన్నదియే ప్రశ్న.

కొలిమికి నుసి యేల పనికిరాదు?

మన గ్రామములలో కమ్మరి కొలిమిని చూచినవారి కిది సులభముగా బోధపడును. తిత్తి యూదునపుడు గాలి బొగ్గులసందులగుండా పోయి నిప్పును రగుల్చును. గట్టి బొగ్గుముక్కలకు మాఱుగా పొడి పోసినచో గాలి దారి మూసికొనిపోవును. నిప్పు చల్లాఱును, లేదా గాలి తనకు వీలైన చోట దారి చేసికొని పొడి నంతయు పైకి ఎగజిమ్మును.

ఉక్కు కర్మాగారములలోని బ్లాస్టు ఫర్నేసు ఈ కొలిమికి మహారూపము. గాలిగోపురమంత యెత్తున నిలిచియుండు ఆ కొలిమిలోనికి పైనుండి ఇనుపఖనిజమును, కోకును పొరలుపొరలుగా పోయుదురు. క్రిందినుండి వేయిడిగ్రీలకు మించి కాచిన గాలిని ఊదుదురు. అందు కోకు మూడు పనులు చేయును. తాను కాలి వేడిమి నిచ్చును. ఖనిజమునందలి ప్రాణవాయువును హరించి ఇనుమును విడదీయును. ఇనుమును చిట్టెమును కరగి ద్రవమైపోవు తావున సైతము తాను కరగక నిలిచి, పైనున్న బరువునంతను మోయుచు, వాయువు పైకి పోవుటకును ద్రవము క్రిందికి జారుటకును సందు లిచ్చును. మొదటి రెండు పనులు ఏ బొగ్గైనను ఎంతోకొంత చేయగలదు. మూడవపని కోకు తప్ప వేఱొకటి చేయజాలదు. నుసికిని కొలిమికిని గల వైరమునకు మూల మిదియే.

ఆ కోకు ఏ బొగ్గునుండి పడిన దానినుండి రాదు. గాలి సోకని పొయ్యిలో కాచినపుడు మెత్తబడి, ఉబ్బి, మరల గట్టిపడి ముద్దయగు గుణము గల బొగ్గులు కొన్ని మాత్రమే యున్నవి. వానినే కోకింగుబొగ్గు లందురు. 1709లో ఇంగ్లండునందలి కోల్‌బ్రూక్‌డేలులో ఏబ్రహాము డార్బీ కోకుతో ఇనుము కరగించినది మొదలు ఇనుముచేయు జాతుల భాగ్యము ఈ బొగ్గుతో ముడిపడినది. మన దేశమున నిట్టి మేలైన బొగ్గునకు ఝరియా ప్రాంతము ప్రధానస్థానము. అచ్చటి భూగర్భమున 1916 మొదలు అగ్ని రగులుచునే యున్నది. 1972లో కోకింగుబొగ్గు గనులను జాతీయము చేసినపుడు ఈ నిధిని జాగ్రత్తగా వాడుకొందుమని ప్రభుత్వము ప్రజలకు మాట యిచ్చినట్లే యైనది.

మేలిభాగమే నుసియగుట

మందుగుండుతో ప్రేల్చి, యంత్రములతో కోసి, బండ్లలో పోసి, మర నాడించి, నీట కడుగుచుండగా అడుగడుగున బొగ్గు విఱుగును. పూర్వము చేతిపలుగుతో త్రవ్వినపుడు నుసి తక్కువ. యంత్రము లధికమైనకొలది నుసియు నధికమైనది. మన కోకింగుబొగ్గులో బూడిదపాలు హెచ్చు. త్రవ్వితీసిన బొగ్గులో నూటికి ఇరువదియైదు మొదలు ముప్పదియైదు పాళ్ళవఱకు బూడిద యుండుటచే దానిని వాషరీలలో కడిగి పదునేడు, పదునెనిమిది పాళ్ళకు దింపవలసియున్నది. ఆస్ట్రేలియా బొగ్గులో బూడిద పదిపాళ్ళ ప్రాంతము మాత్రమే. ఈ కడుగుటలో ఆవగింజకంటె సన్నని నుసి నీటితో గలిసి బురదయై మడుగులకు చేరును.

ఇందొక విశేషము గలదు. బొగ్గురాతిని తేఱిపాఱ జూచినచో నిగనిగలాడు చారలును, మాసిన చారలును కనబడును. నిగనిగలాడు చారలు పెళుసు, తాకినంతనే పొడియగును. కాని కాచినపుడు మెత్తబడి ముద్దగట్టు గుణము ప్రధానముగా ఆ నిగనిగలాడు చారలయందే యున్నది. అనగా దెబ్బకు ముందుగా పొడియై పోవునది బొగ్గులోని మేలిభాగము! మనము బురదమడుగునకు పంపుచున్నది పొట్టు గాదు, గింజయే.

ఆ మడుగులనుండి పొంగిన నల్లనీరు దామోదరనదిని ఏండ్ల తరబడి మలినము చేసినది. ఏటియొడ్డున పేదలు గంపలతో ఆ బురద నెత్తి, ఆఱబెట్టి అమ్ముకొని పొట్టపోసికొనుట ఆ ప్రాంతములలో చూడదగిన దృశ్యము. కొలిమికి పోవలసిన సరకు ఇటుకబట్టీలకును వంటపొయ్యిలకును పోవుచున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? విజ్ఞానశాలలకు ముందే ఆ పేదలు దాని విలువను కనుగొనిరి.

ఉండకట్టు విద్య

నుసిని మరల గట్టిముద్దగా చేయు విద్య మన యిండ్లకు క్రొత్త గాదు. కుంపటి యడుగున మిగిలిన బొగ్గుపొడిని పేడతోను మట్టితోను కలిపి ఉండలు చేసి యెండబెట్టి మన యిల్లాండ్రు వాడుకొనిరి. వంగదేశమున నట్టి ఉండలను గుల్ అందురు. కుంపటికి మట్టి చెఱుపు చేయదు. కొంచెము బూడిద హెచ్చు, అంతియే. కొలిమి యట్లు సహింపదు. మట్టి వేసినచో బూడిదయు, బూడిదవలన చిట్టెమును పెరిగి, ఆ చిట్టెమును కరగించుటకు మరల బొగ్గు ఖర్చగును. కావున కొలిమికి కట్టు ఉండలో బంధకద్రవ్యము నెన్నుకొనుటయే ప్రధానము.

మొదట చేయవలసినది నుసిని శుభ్రపఱచుట. నూనెచుక్కలు కలిపిన నీటిలో గాలిబుడగలు పుట్టించినచో బొగ్గురేణువులు బుడగల నంటుకొని నురుగుతో పైకి తేలును. మట్టిరేణువులు అడుగునకు దిగును. కవ్వముతో చిలికి వెన్న తీయుటవంటి దీ పని. పైకి తేలిన బొగ్గునుసిలో నీటిని పిండి, ఆఱబెట్టి, మూడు మిల్లీమీటర్లకు మించని పొడియగునట్లు చేసి, బంధకమును కలిపి, ఎదురెదురుగా తిరుగు రెండు ఇనుప రోలరులమధ్యకు వదలుదురు. ఆ రోలరులపై గుంటలు చెక్కియుండును. పై గుంటయు క్రింది గుంటయు కలియునపుడు పొడి మిక్కిలి యొత్తిడికి లోనై చిన్నదిండు ఆకారముగల బిళ్ళయై రాలును. దీనినే బ్రికెట్టు అందురు. పిమ్మట దానిని కొంతకాలము ఆఱనిచ్చి గట్టిపడనిత్తురు.

బంధకముగా పూర్వము ఐరోపాలో తారునుండి వచ్చు కీలును వాడిరి. అది గట్టిగా పట్టును గాని, దాని పొగ పనివారికి పుట్టకురుపు వంటి మహావ్యాధులను తెచ్చును. పిండిగంజి ప్రియము, సిమెంటు బూడిదను పెంచును. కొరియాదేశమువారు చక్కెర కర్మాగారములలో మిగులు మొలాసిస్ మడ్డిని సున్నముతో కలిపి వాడుచున్నారు. మడ్డి మాత్రమే వేసినచో తేమకు బిళ్ళ మెత్తబడును. సున్నము దానితో గలిసి గట్టిపఱచును. చెఱకు పండించు మన రైతులు ఈ సంగతిని గమనింపవలయును. అనకాపల్లి, చోడవరము, ఉయ్యూరు పరిసరములలో పండిన చెఱకునుండి వచ్చు మడ్డి సారాబట్టీకి మాత్రమే పోవలయునన్న నియమ మేమియు లేదు.

బిళ్ళ కట్టినంతమాత్రమున పని ముగియదు. అది ఎత్తునుండి పడినను పగులరాదు, వానకు కరగరాదు, వేయిడిగ్రీల వేడిలోనికి హఠాత్తుగా పడినపుడు పేలి మరల పొడి గారాదు. చల్లనిస్థితిలో గట్టిగా నుండి వేడికి విడిపోవు బిళ్ళ కొలిమికి నిష్ప్రయోజనము. ఈ మూడవ పరీక్షలో నెగ్గుటకే శాస్త్రజ్ఞులు ఏండ్లు శ్రమించిరి.

దేశదేశముల ప్రయోగములు

నుసిని ఉక్కుపరిశ్రమలో వాడుటకు లోకమున మూడు మార్గములు నడచుచున్నవి. మొదటిది కోకుపొయ్యి మార్గము. 1970 తర్వాత జపానువారు కోకుపొయ్యిలో వేయు బొగ్గులో ఇంచుమించు పదింట మూడుపాళ్ళు బిళ్ళలుగా కట్టి మిగిలిన పొడితో కలిపి కాచిరి. పొయ్యిలో సరకు దట్టముగా పడుటచే రేణువులు బాగుగా అతుకుకొని, కొంత బలహీనమైన బొగ్గుతో సైతము గట్టికోకు వచ్చినది. జంషెడ్‌పూరులోని తాతావారు 1980 దశకము చివర వేఱొకరీతిగా, బొగ్గుపొడిని పొయ్యిలో వేయుటకు ముందు పెద్ద దిమ్మెగా దిమ్మిసకొట్టి కాచు పద్ధతిని అవలంబించిరి. సూత్ర మొకటియే.

రెండవది పొడిని పొడిగానే గొట్టములగుండా కొలిమి యడుగున గాలితోపాటు ఊదు మార్గము. టన్ను ఇనుమునకు నూటయేబది మొదలు రెండువందల కిలోలవఱకు ఇట్లు ఊది ఆమేరకు కోకును తగ్గింపవచ్చును. ఇది మన కర్మాగారములలోను వ్యాపించినది. కాని బరువు మోయు పనికి కోకు కొంత యుండియే తీరవలయును.

మూడవది అసలు కోకుపొయ్యినే తొలగింపజూచు మార్గము. ఆస్ట్రియా దేశమువారి కోరెక్సు పద్ధతి 1989లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పని మొదలు పెట్టినది. మన బళ్ళారిజిల్లా తోరణగల్లునందు 1999లో ఒకటియు 2001లో ఒకటియు ఇట్టి కొలుములు వెలసినవి. ఇందు బొగ్గును నేరుగా వేసి ప్రాణవాయువు నూదుదురు. అయినను ఆ కొలిమికి ముక్కబొగ్గే కావలయును, నుసి వేఱుచేయవలసివచ్చెను, కొంత కోకును కూడ వాడవలసివచ్చెను.

ఈ చిక్కును విడదీసినవారు కొరియావారు. వారికి కోకింగుబొగ్గు లేదు; ఇనుపఖనిజము నామమాత్రము. 1968లో స్థాపితమైన పోస్కో సంస్థ 1992లో ఆస్ట్రియావారితో గలిసి ఫైనెక్సు అను పద్ధతిపై పరిశోధన నారంభించి, 2003లో చిన్నయెత్తున పరీక్షించి, 2007లో పోహాంగు పట్టణమున ఏటికి పదునైదులక్షల టన్నుల కొలిమిని నడిపెను. 2014లో ఇరువదిలక్షల టన్నుల కొలిమి వచ్చెను. అందు ఇనుపఖనిజపు పొడిని వాయువులో తేలించి ఇనుముగా మార్చుచు, బొగ్గునుసిని బిళ్ళలుగా కట్టి కొలిమిలో వేయుదురు. ఖనిజమును ఉండకట్టి కాచు శాల లేదు, కోకుపొయ్యి లేదు, వానివలని విషపుపొగయు చాలవఱకు తగ్గినది. పదునైదేండ్లు పట్టుదలతో ధనము వెచ్చించి, చేతిలో ఏమియు లేని జాతి యొకటి పొడినుండి ఉక్కు తీసినది.

అదే సంస్థ 2005లో ఒడిసా ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని జగత్‌సింగ్‌పూరు జిల్లాలో ఈ పద్ధతిని తేజూచెను. తమలపాకుతోటల రైతులు భూమి నిచ్చుటకు నిరాకరించి ఏండ్ల తరబడి పోరాడిరి. 2017లో ఆ సంస్థ విరమించుకొనెను. రైతు తన భూమిని కాపాడుకొనుట తప్పు కాదు. విద్యను మనవారే అభ్యసించి, ఉన్న కర్మాగారముల ప్రాంగణములలోనే నెలకొల్పియుండినచో ఆ తగవునకే తావుండకపోయెడిది.

హద్దు లెఱుగవలయును

ఇంత చెప్పి, నుసిబిళ్ళయే సర్వరోగనివారిణి యని పాఠకులను నమ్మించుట పత్రికాధర్మము కాదు. ఉండకట్టుట బొగ్గు రూపమును మార్చును గాని గుణమును మార్చదు. బూడిదబొగ్గును బిళ్ళగట్టినచో బూడిదబిళ్ళయే వచ్చును. గంధకమును భాస్వరమును అందే నిలుచును. కోకింగుగుణము బొత్తిగా లేని బొగ్గు బిళ్ళకట్టినంతనే కోకు కాజాలదు; కొరియావారును కొంత ఆ గుణముగల బొగ్గును కలుపుచునే యున్నారు. మడ్డిలో పొటాసియమను క్షారము గలదు. అది కొలిమిలో తిరుగాడుచు ఇటుకగోడను తినును. కడుగుటకు, ఆఱబెట్టుటకు, ఒత్తుటకు, బంధకమునకు ఖర్చగును. విదేశపుబొగ్గు చవుకయైనపుడు ఈ ఖర్చు దండుగయని గుమాస్తాలెక్క చెప్పును. ధర మిన్నంటినపుడు అయ్యో యని చింతించును. ఒక్కయేటి లెక్కతో ఇట్టి విషయమును తేల్చరాదు.

తెలుగునేలకు గల సంబంధము

సింగరేణి బొగ్గు కోకింగుబొగ్గు కాదు. 1871లో డాక్టరు కింగు ఇల్లెందు ప్రాంతమున కనుగొన్నది మొదలు అది రైళ్ళను నడిపినది, విద్యుచ్ఛక్తి నిచ్చినది. అచ్చటి నుసి విద్యుత్కేంద్రములలో పొడిగానే కాలుచున్నది. అది దానికి తగినపనియే. అయినను ఆ బొగ్గుతో ఇనుము చేయు ప్రయత్నము మన నేలమీదనే జరిగినది. పాల్వంచలో 1980లో ఐక్యరాజ్యసమితి సహాయముతో నడచిన స్పాంజి ఐరను కర్మాగారము, తిరుగుడుబట్టీలో సింగరేణిబొగ్గుతో ఇనుపఖనిజమును స్పాంజి ఇనుముగా మార్చవచ్చునని దేశమునకు చూపెను. 2010లో అది జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో కలిసినది. ఆ బట్టీకిని ముక్కబొగ్గే యిష్టము. నుసి నిచ్చినచో వాయువుతో ఎగిరిపోవును. ఇట్టి బట్టీలకు బిళ్ళలు కట్టి యిచ్చుట మన ప్రయోగశాలలు తలపెట్టదగిన పని. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయము సింగరేణిబొగ్గును అల్పతాపమున కాచి పొగలేని యింధనముగా మార్చుటకు పూర్వము చేసిన కృషి మనకు పునాది కాగలదు.

విశాఖ ఉక్కు సంగతి వేఱుగా చెప్పవలయునా? 1966లో ముప్పదిమందికి మించి ప్రాణము లర్పించి సాధించిన కర్మాగారమది. 1992లో జాతి కంకితమైనది. ఏడుమీటర్ల యెత్తుగల కోకుపొయ్యిలును, కోకును నీటితో గాక వాయువుతో చల్లార్చు ఏర్పాటును దేశమున మొదట అచ్చటనే వచ్చినవి. కాని దానికి సొంతగనులు లేవు. కోకింగుబొగ్గు సముద్రము దాటి రావలసినదే. 2024లో ముడిసరకు చాలక కొలుములను నిలుపవలసివచ్చెను. 2021లో కేంద్రప్రభుత్వము దానిని విక్రయింప నిశ్చయించినపుడు తెలుగువా రందఱును ఒక్కగొంతుతో ఎదిరించిరి. 2025 జనవరిలో పదునొకండువేల నాలుగువందల నలుబది కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడెను. ఆ ధనముతో అప్పులు తీర్చుట యావశ్యకమే. కాని ప్రతిసంవత్సరము పరదేశపు ధరకు తలయొగ్గు కర్మాగారమునకు అప్పు తీర్చుటతో వ్యాధి తీరదు. హక్కును పోరాడి తెచ్చుకొన్నాము. ఆ హక్కును నిలుపుకొనుటకు విద్య కావలయును.

కర్తవ్యము

కేంద్రప్రభుత్వము కోకింగుబొగ్గు ఉత్పత్తిని 2030 నాటికి ఏటికి పదునాలుగుకోట్ల టన్నులకు పెంచ సంకల్పించినది. మంచిది. కాని త్రవ్వకము పెరిగినకొలది నుసియు పెరుగును. ప్రతి వాషరీయందును నురుగుతో నుసిని తేల్చు ఏర్పాటు తప్పనిసరి చేయనిచో ఈ సంకల్పము మడుగులను నింపుటకే తోడ్పడును. మడుగులలో నిదివఱకే పేరుకొన్న సరకును కొలచి, పరీక్షించి, ప్రజలయెదుట లెక్క పెట్టవలయును. ధన్‌బాదులో 1950లో ప్రారంభింపబడి నేడు గనుల పరిశోధనాలయములో కలిసియున్న కేంద్ర ఇంధన పరిశోధనాలయమునకును, ఉక్కు కర్మాగారములకును నడుమ నున్న గోడ తొలగవలయును. ఏటియొడ్డున బురద నెత్తి జీవించు పేదలను తఱిమివేయక, ఆ పనియందే వారికి కూలియు భద్రతయు గల్పింపవలయును.

బొగ్గుయుగమే ముగియనున్నదిగదా, ఇంకను ఈ తాపత్రయ మేల యని కొందఱడుగవచ్చును. భారతదేశము 2070 నాటికి కర్బనపు ఉద్గారములను నికరముగా శూన్యము చేయుదునని లోకమునకు మాట యిచ్చినమాట నిజమే. ఉదజనితో ఇనుము తీయు విధానములు పరీక్షింపబడుచున్నవి. కాని ఆ దినము వచ్చువఱకు కాల్చు ప్రతి బొగ్గుముక్కయు పూర్తిగా ఫలింపవలయును; త్రవ్విపాఱవేయు బొగ్గునకు పరిహారము లేదు. మఱియు కొరియావారు ఉదజనితో ఇనుము తీయుటకు సిద్ధపఱచుచున్న విధానము ఈ ఫైనెక్సులో ఖనిజపుపొడిని వాయువులో తేలించిన అనుభవముమీదనే నిలిచియున్నది. నుసి నుపయోగించుట నేర్చినవారు రేపటి విద్యకును ముందుగా అర్హులగుచున్నారు. నేడు నేర్వనివారు రేపును కొనవలసినవారే.

ఒకనాడు నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రపు కమ్మరులు మూసలలో కాచిన ఉక్కు దేశాంతరముల కత్తులకు అలుగైనది. మన ఉక్కు అను మాటయే పాశ్చాత్యుల నోట వూట్జు అయినది. వారికి పెద్దకొలుములు లేవు. చేతిలో నున్న బొగ్గును, చేతిలో నున్న ఖనిజమును వాడుకొను నేర్పు మాత్రముండెను. అట్టి నేర్పు మరల మన కర్మాగారములలో ప్రవేశించినగాని ఓడరేవులలో దిగు పరదేశపు బొగ్గుగుట్టలు తరుగవు. పొడిని ముద్దగట్టుటకు ఒత్తిడియు, జిగురును, ఓర్పును కావలయును. ఒత్తిడి పరిస్థితులే కలిగించినవి. జిగురు మన పొలములలో నున్నది. ఓర్పును ప్రభుత్వమును పరిశ్రమాధిపతులును చూపవలసియున్నది.